మాక్రో ఎర్రర్ ఇవ్వలేదు, బిల్లు మాత్రం తప్పింది

కోవూరు వైపు ఒక రైసు మిల్లుకు ధాన్యం కొనుగోలు బిల్లులు వేసే ఎక్సెల్ మాక్రో (బటన్ నొక్కితే షీటులో పనంతా తనే చేసే చిన్న ప్రోగ్రాం) రాసిచ్చాను. కోతలు మొదలై ట్రాక్టర్లు గేటు బయట వరుసకట్టే రోజుల్లో అది బాగా పనికొచ్చింది. గుమాస్తా పొద్దుటి నుంచి కాటా చీటీలు చూసి రైతు పేరు, వంగడం, బరువు షీటులో ఎక్కిస్తాడు. సాయంత్రం బటన్ నొక్కితే మాక్రో ఒక్కో వరుసే చదువుకుంటూ పోతుంది. రేట్ల షీటులో ఆ వంగడం రేటు వెతుకుతుంది, కిలోలను 850తో భాగించి పుట్లు చేస్తుంది, పుట్టి రేటుతో గుణించి మొత్తం వేస్తుంది. మా నెల్లూరులో ధాన్యం లెక్క ఇప్పటికీ పుట్లలోనే. పుట్టి అంటే 850 కిలోలు.

ఒక సాయంత్రం ఒక పెద్దాయన బిల్లు పట్టుకుని ఆఫీసు గదిలోకి వచ్చాడు. "నేను తోలింది బీపీటీలు సామీ. మసూర రేటు కట్టారేంది?" అన్నాడు. గుమాస్తా షీటు తెరిచి చూస్తే వంగడం గడిలో బీపీటీ 5204 అనే ఉంది. రేటు గడిలో మాత్రం నెల్లూరు మసూర రేటు ఉంది. గుమాస్తా వెంటనే నాకు ఫోన్ చేశాడు.

"అబ్బయ్యా, లెక్క తప్పు కడతా ఉంది. ఎర్రరన్నా చూపించలా."

"ఏ వరుస అన్నా?"

"నలభై రెండు."

వెళ్లి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఆ గడిలో 5204 తర్వాత ఒక ఖాళీ అక్షరం ఉంది. స్పేస్ బార్ ఒకసారి ఎక్కువ తగిలింది, అంతే. మన కంటికి రెండూ ఒకటే. మాక్రోకు మాత్రం "5204", "5204 " రెండు వేరే మాటలు. రేట్ల షీటులో అలాంటి పేరు దొరకలేదు. దొరకనప్పుడు మాక్రో ఆగి ఎర్రర్ చూపించాలి. ఎందుకు చూపించలేదంటే, చూపించొద్దని నేనే రాశాను. మాక్రో మొదట్లోనే "ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్" అని ఒక లైను పెట్టాను. (ఇలాంటివి ఎడిటర్‌లో ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి. నోటితో పలికేలా ఇక్కడ రాస్తున్నాను.) మొదటి వారంలో మాక్రో అక్కడక్కడా ఆగుతుంటే గుమాస్తాకు టెన్షన్‌గా ఉందని ఆ లైను పెట్టాను. దానితో ఆగడం పోయింది. ఎక్కడెక్కడ తప్పు జరుగుతోందో తెలిసే దారి కూడా దాంతోనే పోయింది.

ఆ లైను చేసిన పనిని దగ్గరగా చూద్దాం. లెక్క సులువుగా ఉండేందుకు రేట్లు గుండ్రం చేసి చెబుతాను. మసూర పుట్టి 17,000, బీపీటీ పుట్టి 20,400 అనుకోండి. 41వ వరుసలో మసూర, 1,700 కిలోలు. మాక్రో రేటు వెతికి, "రేటు" అనే వేరియబుల్‌లో (మాక్రో విలువను దాచుకునే చోటులో) 17,000 పెట్టుకుంది. రెండు పుట్లకు 34,000 వేసింది. సరిగ్గానే ఉంది. 42వ వరుసలో పెద్దాయన ధాన్యం, 3,400 కిలోలు. ఇక్కడ రేటు వెతికే లైను విఫలమైంది. విఫలమైన లైను వేరియబుల్‌లో సున్నా పెట్టదు, ఖాళీ కూడా చేయదు, ముట్టుకోదు అసలు. కాబట్టి "రేటు"లో ఇంకా 41వ వరుస తాలూకు 17,000 అలాగే కూర్చుని ఉంది. రెజ్యూమ్ నెక్స్ట్ చెప్పింది కాబట్టి మాక్రో తర్వాతి లైనుకు పోయి నాలుగు పుట్లను 17,000తో గుణించి 68,000 వేసింది. రావాల్సింది 81,600. ముందు రైతు రేటు ఆ తర్వాతి రైతుకు అంటుకుంది, పెద్దాయనకు 13,600 తగ్గింది. ఆయన బిల్లు చదువుకునే మనిషి కాబట్టి బయటపడింది. చదవకుండా జేబులో పెట్టుకుని పోయిన వాళ్ల సంగతి ఏమిటని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ సీజను బిల్లులన్నీ మళ్లీ చేత్తో సరిచూశాం.

అప్పటి నుంచి ఎర్రర్‌ను నేను చూసే తీరు మారింది. మాక్రో నేర్చుకునే వాళ్లకు ఎర్రర్‌ను ఎలా ఆపాలో ముందు చెబుతారు. ఏ ఎర్రర్‌ను ఆపాలి, దేన్ని ఆపకూడదు అన్నది ఎవరూ చెప్పరు. నా దృష్టిలో అసలు పని అదే.

ఎర్రర్ ఎక్కడ పుడుతుంది

మాక్రోలో తప్పులు మూడు దశల్లో వస్తాయి. వాక్యం రాయడంలోనే తప్పుంటే, అంటే బ్రాకెట్ మూయకపోతేనో "ఎండ్ ఇఫ్" మరిచిపోతేనో, మాక్రో మొదలు కూడా కాదు. ఇది కంపైల్ ఎర్రర్, దీనితో బాధ లేదు. మాక్రో నడుస్తుండగా మధ్యలో చేయలేని పని ఎదురైతే అది రన్‌టైమ్ ఎర్రర్. వాక్యం బాగానే ఉంటుంది, ఆ రోజు షీటులో ఉన్న సమాచారం దానికి సరిపోదు. మూడోది లాజిక్ తప్పు. అంతా నడుస్తుంది, జవాబు తప్పొస్తుంది. పెద్దాయన బిల్లులో జరిగింది గమనించండి: పుట్టింది రన్‌టైమ్ ఎర్రర్‌గానే. దాన్ని నోరు మూయించేసరికి లాజిక్ తప్పుగా మారిపోయింది. దొరికే తప్పును దొరకని తప్పుగా మార్చాను నేను.

రన్‌టైమ్ ఎర్రర్ వస్తే ఎక్సెల్ ఒక నంబరు, ఒక మాట చూపించి "ఎండ్", "డీబగ్" అని బటన్లు ఇస్తుంది. చాలామంది భయపడి ఎండ్ నొక్కేస్తారు. డీబగ్ నొక్కితే సరిగ్గా ఏ లైను దగ్గర ఆగిందో పసుపు రంగులో కనబడుతుంది. అక్కడ వేరియబుల్ పేరు మీద మౌస్ ఉంచితే దానిలో ఏముందో కూడా చూపిస్తుంది. సగం తప్పులు ఆ రెండు పనులతోనే దొరుకుతాయి.

నంబర్లు చాలా ఉన్నాయి గానీ రోజూ ఎదురయ్యేవి కొన్నే. 9 అంటే లేని షీటునో, లేని వర్క్‌బుక్‌నో పేరు పెట్టి పిలిచామని. ఎవరో షీటు పేరు మార్చి ఉంటారు. 91 అంటే దొరకని వస్తువును దొరికినట్టే వాడామని. ఒక రైతు పేరును "ఫైండ్"తో వెతికి, దొరికిందో లేదో చూసుకోకుండా దాని వరుస నంబరు అడిగితే ఇది వస్తుంది. 1004 మాత్రం ఒక గంపగుత్త నంబరు. ఎక్సెల్ తన పరిధిలో ఏం చేయలేకపోయినా ఇదే ఇస్తుంది, కాబట్టి నంబరు చూసి కారణం తెలియదు, లైను చూడాల్సిందే.

13 అంటే టైప్ మిస్‌మ్యాచ్. మా మిల్లులో ఎక్కువసార్లు వచ్చింది ఇదే. బరువు గడిలో కిలోలు రాయాలి. హడావిడిలో ఎవరో "2 పుట్లు" అని రాస్తారు. మనిషి చదివితే 1,700 అని వెంటనే అర్థమవుతుంది. మాక్రో మాత్రం ఆ మాటను 850తో భాగించలేదు.

6 అంటే ఓవర్‌ఫ్లో. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది ఏళ్ల తరబడి నడిచిన మాక్రోలో హఠాత్తుగా ఒక రోజు వస్తుంది. మాక్రోలు రాసే భాష అయిన వీబీఏలో "ఇంటీజర్" అనే రకం వేరియబుల్ 16 బిట్లది. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. ఎక్సెల్ 2007 నుంచి షీటులో 10,48,576 వరుసలు ఉన్నాయి. వరుస నంబరును ఇంటీజర్‌లో పెట్టుకున్న మాక్రో 32,768వ వరుసలో ఆగిపోతుంది. నాకు ఇంకో చోట తగిలింది. వంగడం పేరులోని అంకెను మాత్రం విడిగా తీసి ఇంటీజర్‌లో పెట్టాను. ఎంటీయూ 1010 సాఫీగా పోయింది, బీపీటీ 5204 పోయింది. మన నెల్లూరు పరిశోధన కేంద్రం వంగడం ఎన్‌ఎల్‌ఆర్ 34449 దగ్గరికి వచ్చేసరికి ఓవర్‌ఫ్లో. వేరే ఊళ్లో అయితే ఆ మాక్రో ఎన్నేళ్లయినా నడిచేదేమో.

గుణకారంలో దాగేది ఇంకా చిత్రం. బస్తాల సంఖ్య ఒక ఇంటీజర్, బస్తా బరువు 75 ఇంకో ఇంటీజర్, జవాబు పెట్టుకునేది మాత్రం పెద్ద సంఖ్యలు పట్టే "లాంగ్". అయినా 436 బస్తాల దాకానే పనిచేస్తుంది. 437 బస్తాలకు 32,775 అవుతుంది, ఆగిపోతుంది. ఎందుకంటే రెండు ఇంటీజర్లను గుణించేటప్పుడు వీబీఏ జవాబును కూడా ముందు ఇంటీజర్‌గానే లెక్కేస్తుంది. లాంగ్‌లోకి చేర్చడం ఆ తర్వాతి సంగతి. అందుకే ఈ రోజుల్లో ఇంటీజర్ వాడాల్సిన పనే లేదని నా అభిప్రాయం. అన్నీ లాంగ్ పెట్టుకుంటే సరిపోతుంది.

సున్నాతో భాగిస్తే వచ్చేది 11. అయితే సున్నాను సున్నాతో భాగిస్తే 11 రాదు, మళ్లీ 6 వస్తుంది. రైతు పేరు ఒక్కటి రాసి, బరువూ బస్తాలూ వదిలేసిన వరుసలో సగటు కట్టబోతే ఓవర్‌ఫ్లో అంటుంది. అంత పెద్ద సంఖ్య ఎక్కడుందా అని ఒక పూటంతా వెతికాను.

ఈ 16 బిట్ల గోడకు రాకెట్ కూడా తగిలింది. శ్రీహరికోట 2022 దాకా మా జిల్లాలోనే ఉండేది. ఇప్పటికీ ప్రయోగం ఉన్న రోజు మేడ మీదికెక్కి ఆకాశం వైపు చూస్తాం, కాబట్టి ఈ కథ నాకు వేరే దేశానిదిగా అనిపించదు. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియాన్ 5 మొదటి ప్రయోగం, ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి. సుమారు 40 సెకన్లకే దారి తప్పి ముక్కలైంది. ముందటి ఏరియాన్ 4 కోసం రాసిన ప్రోగ్రాంలో కొంత భాగాన్ని కొత్త రాకెట్‌లోనూ వాడారు. కొత్తది ఎక్కువ వేగంతో పోతుంది. దాని అడ్డవేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చబోతే పట్టలేదు. ఆ మార్పిడి దగ్గర ఎర్రర్‌ను పట్టుకునే ఏర్పాటు లేదు. దిశ చూపే కంప్యూటర్ తాను విఫలమైనట్టు ప్రకటించి ఆగిపోయింది. బ్యాకప్‌గా ఉన్న రెండోదీ అదే ప్రోగ్రాంతో నడిచేది, అది అదే కారణంతో క్షణం ముందే ఆగిపోయింది. ఆగుతూ మొదటి కంప్యూటర్ పంపిన ఎర్రర్ సమాచారాన్ని ప్రధాన కంప్యూటర్ నిజమైన ప్రయాణ సమాచారం అనుకుని రాకెట్‌ను పక్కకు తిప్పింది. అసలు ఆ లెక్కతో గాల్లోకి లేచాక పనే లేదు.

మిల్లులో ఆగకపోవడం వల్ల నష్టం జరిగింది. అక్కడ ఆగడం వల్లే జరిగింది. అంటే ఎప్పుడూ ఆగాలి అనే సూత్రమూ లేదు, ఎప్పుడూ పోతూ ఉండాలి అనే సూత్రమూ లేదు. ఈ ఎర్రర్ వస్తే ఏం జరగాలి అని ఆ పని తెలిసిన మనిషి ముందే కూర్చుని ఆలోచించాలి. ఏరియాన్‌లో కొత్త రాకెట్ కోసం మళ్లీ అడగని ప్రశ్న, నా మాక్రోలో నేను అడగని ప్రశ్న ఒకటే.

రెజ్యూమ్ నెక్స్ట్ లోతులు

పాత విలువ అంటుకుపోవడం ఒక్కటే కాదు, ఆ లైనుకు ఇంకో గుణం ఉంది. తెలిసిన వాళ్లు కూడా దీనికి ఉలిక్కిపడతారు. "ఇఫ్" షరతులోనే ఎర్రర్ వచ్చిందనుకోండి. షరతు నిజమూ కాలేదు, అబద్ధమూ కాలేదు. మరి మాక్రో ఎటు పోతుంది? రెజ్యూమ్ నెక్స్ట్ అంటే తర్వాతి లైనుకు పో అని. ఇఫ్ తర్వాతి లైను ఇఫ్ లోపలే ఉంటుంది. కాబట్టి లోపలికి పోతుంది! "బకాయి సున్నా అయితే ఈ రైతు వరుస తీసెయ్" అని రాశారు, బకాయి గడిలో ఎర్రర్ విలువ ఉంది, పోల్చలేక విఫలమైంది, వరుస తీసేసింది. షరతు నిజమైనట్టే ప్రవర్తిస్తుంది.

మూడో సంగతి: ఒక ప్రొసీజర్ (పేరు పెట్టి రాసిన లైన్ల గుంపు) నుంచి ఇంకో ప్రొసీజర్‌ను పిలిచినప్పుడు లోపలి దానికి సొంత ఏర్పాటు లేకపోతే, అక్కడి ఎర్రర్ పైకి ఎగబాకి పిలిచిన దాని దగ్గరికి వస్తుంది. అక్కడ రెజ్యూమ్ నెక్స్ట్ ఉంటే పిలిచిన లైను తర్వాతి లైను నుంచి సాగుతుంది. లోపలి ప్రొసీజర్‌లో మిగిలిన ఇరవై లైన్లు నడవకుండానే పోతాయి.

అయితే దానికి సరైన చోటు లేకపోలేదు. "మార్చి" అనే షీటు ఉందా లేదా చూడాలనుకోండి. ఉంటే దొరుకుతుంది, లేకపోతే 9 వస్తుంది. ఆ 9 మనం ఎదురుచూసేదే, అదే మనకు జవాబు. కాబట్టి ముందు రెజ్యూమ్ నెక్స్ట్, తర్వాత షీటును అందుకునే ఒక్క లైను, వెంటనే "ఆన్ ఎర్రర్ గోటు జీరో". ఈ చివరిది రాయడమే ముఖ్యం. దానితో మామూలు పద్ధతి తిరిగొస్తుంది. లైన్లు రాసేటప్పుడు నేను పాటించేది ఇది: రెజ్యూమ్ నెక్స్ట్, గోటు జీరో మధ్య ఒక్క పనే ఉండాలి, అక్కడ వచ్చే ఎర్రర్ నంబరు ఏమిటో నేను ముందే చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ లైను పెట్టను.

పట్టుకునే పద్ధతి

"ఆన్ ఎర్రర్ గోటు" అని రాసి ఒక లేబుల్ పేరిస్తే, ఎర్రర్ రాగానే మాక్రో ఆ లేబుల్ దగ్గరికి దూకుతుంది. ఇది బేసిక్ భాష కాలం నాటి పద్ధతి. జీడబ్ల్యూ బేసిక్‌లో లైను నంబరు ఇచ్చేవాళ్లం, ఇప్పుడు పేరు ఇస్తున్నాం. 1993లో ఎక్సెల్ 5తో వీబీఏ వచ్చినప్పుడు అది అలాగే వెంట వచ్చేసింది.

కొత్తవాళ్లు మొదట చేసే పొరపాటు లేబుల్‌కు ముందు "ఎగ్జిట్ సబ్" (ఇక్కడితో ముగించు అని) పెట్టకపోవడం. లేబుల్ గోడ కాదు, గుర్తు మాత్రమే. ఏ ఎర్రర్ లేకుండా పని ముగిసినా మాక్రో అలా నడుచుకుంటూ లేబుల్ దాటి హ్యాండ్లర్‌లోకి (ఎర్రర్ వస్తే ఏం చేయాలో చెప్పే లైన్లలోకి) వచ్చేస్తుంది, ఏ తప్పూ లేని రోజు కూడా తప్పు జరిగిందని చెబుతుంది.

హ్యాండ్లర్‌లోకి వచ్చాక "ఎర్" అనే ఆబ్జెక్ట్‌లో నంబరు, వివరణ ఉంటాయి. ముందుగా వాటిని సొంత వేరియబుల్స్‌లో దాచుకోవాలి, ఎందుకంటే ఇంకో ఆన్ ఎర్రర్ లైను వచ్చినా, రెజ్యూమ్ వచ్చినా ఎర్ తుడుచుకుపోతుంది. పని కొనసాగేలా బయటికి పోయే దారులు మూడు. ఉత్త "రెజ్యూమ్" అంటే తప్పిన లైనునే మళ్లీ చేయమని. కారణాన్ని సరిచేశాకే ఇది వాడాలి, లేకపోతే అదే లైను, అదే ఎర్రర్, తిరుగుతూనే ఉంటుంది. "రెజ్యూమ్ నెక్స్ట్" అంటే తర్వాతి లైనుకు. "రెజ్యూమ్" పక్కన లేబుల్ పేరు రాస్తే అక్కడికి. మిల్లు మాక్రోకు ఇదే సరిపోయింది: ఒక వరుసలో ఎర్రర్ వస్తే దాన్ని గుర్తుపెట్టి, "తర్వాతి రైతు" అనే లేబుల్‌కు పోవడం.

హ్యాండ్లర్ నుంచి రెజ్యూమ్‌తో కాకుండా గోటుతో బయటపడితే ఒక చిక్కు. ఇంకా హ్యాండ్లర్‌లోనే ఉన్నానని వీబీఏ అనుకుంటుంది. రెండో ఎర్రర్ వస్తే ఆ హ్యాండ్లర్ దాన్ని పట్టదు. మొదటి తప్పుడు వరుసను చక్కగా దాటిన మాక్రో రెండో తప్పుడు వరుసలో ఆగిపోతుంటే కారణం సాధారణంగా ఇదే. ఇంకో సంగతి, అంతా సరిగ్గా రాసినా హ్యాండ్లర్ పనిచేయడం లేదనిపిస్తే ఎడిటర్‌లో టూల్స్, ఆప్షన్స్, జనరల్‌లోకి వెళ్లి చూడండి. "బ్రేక్ ఆన్ ఆల్ ఎర్రర్స్" ఎంచి ఉంటే ఏ హ్యాండ్లర్ ఉన్నా ఆగుతుంది.

మధ్యలో ఆగితే మిగిలిపోయే చెత్త గురించి చాలామంది పట్టించుకోరు. వేగం కోసం మాక్రో మొదట్లో ఆటోమేటిక్ లెక్కింపును మాన్యువల్‌కు మారుస్తాం, ఈవెంట్లను (గడి మారడం లాంటిది జరగ్గానే తనంతట నడిచే పనులను) ఆపుతాం, చివర్లో తిరిగి పెడతాం. మధ్యలో ఆగితే ఆ చివరి లైన్లు నడవవు. ఈవెంట్లు ఆగే ఉంటాయి, లెక్కింపు మాన్యువల్‌లోనే ఉంటుంది. గుమాస్తా బరువు మారుస్తాడు, మొత్తం మారదు. ఎక్సెల్ పాడైందనుకుంటాడు. అందుకే ఆ సర్దుబాటు లైన్లను ఒక లేబుల్ కింద పెట్టి, పని సజావుగా ముగిసినా ఎర్రర్ వచ్చినా ఆ దారిలోనే బయటికి పోయేలా చేయాలి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఏ గుమ్మం నుంచి పోయినా లైట్లు ఆర్పి పోవాలి కదా.

సగం పని కూడా చెత్తే. 120 వరుసల్లో 41 బిల్లులు రాసి ఆగింది. సరిచేసి మళ్లీ బటన్ నొక్కితే ఆ 41 రెండోసారి పడకూడదు. ప్రతి వరుసకూ "అయింది" అనే గడి పెట్టి, బిల్లు రాశాకే అందులో గుర్తు వేసేలా మార్చాను.

ఎర్రర్ రాకముందే చూసుకోవడం

చాలా ఎర్రర్లను పట్టుకోవాల్సిన అవసరమే ఉండదు, ముందే అడిగితే. రేటు వెతకడానికి "వర్క్‌షీట్ ఫంక్షన్" ద్వారా వీలుకప్ (పేరు వెతికి దాని పక్క గడి విలువ తెచ్చేది) వాడితే, దొరకనప్పుడు 1004 ఎర్రర్ పుడుతుంది. అదే వీలుకప్‌ను నేరుగా "అప్లికేషన్" మీద పిలిస్తే ఎర్రర్ పుట్టదు, ఎర్రర్ విలువ జవాబుగా వస్తుంది. దాన్ని ఏ విలువైనా పట్టే వేరియంట్ రకం వేరియబుల్‌లో పట్టి "ఈజ్ ఎర్రర్" అని అడిగితే చాలు. ఈ ఒక్క తేడా తెలిసి ఉంటే పెద్దాయన బిల్లు తప్పేది కాదు.

అంకెనా కాదా అని "ఈజ్ న్యూమరిక్"తో అడగొచ్చు. కానీ ఖాళీ గడిని కూడా అది అవునంటుంది. కాబట్టి ఖాళీయా అని విడిగా అడగాలి. చివరి ఖాళీలను "ట్రిమ్" తీసేస్తుంది. వాట్సాప్ నుంచో వెబ్ పేజీ నుంచో కాపీ చేసి అతికించిన పేర్లలో 160 నంబరు ఖాళీ అక్షరం ఉండొచ్చు, దాన్ని ట్రిమ్ తీయదు. ముందు "రీప్లేస్"తో దాన్ని మామూలు ఖాళీగా మార్చి, ఆ తర్వాత ట్రిమ్ చేయాలి.

కొన్నిసార్లు ఎర్రర్‌ను మనమే పుట్టించాలి. బరువు గడిలో 17 అని ఉంది. అంకే, భాగించొచ్చు, వీబీఏకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ ట్రాక్టర్ తోలిన మనిషి 17 కిలోలు తోలడు. పుట్లు వేశాడో, రెండు సున్నాలు మరిచాడో. అలాంటప్పుడు "ఎర్.రైజ్" అని మన నంబరు, మన మాట ఇచ్చి ఎర్రర్ లేవనెత్తవచ్చు. సొంత నంబర్లు 513 నుంచి 65,535 దాకా మనకు వదిలేసినవే. వీబీఏకు ధాన్యం సంగతి తెలియదు, మనకు తెలుసు. ఆ తెలిసినదాన్ని ఇలా మాక్రోలో పెట్టాలి.

మన దగ్గర మరో అడ్డంకి ఉంది. వీబీఏ ఎడిటర్‌లో తెలుగు రాస్తే మామూలుగా ప్రశ్నార్థకాలు వస్తాయి, మెసేజ్ బాక్స్‌లోనూ అంతే. అందుకని చాలామంది ఇంగ్లిష్‌లోనే "టైప్ మిస్‌మ్యాచ్" అని చూపించి వదిలేస్తారు. గుమాస్తాకు అది ఏం చెబుతుంది? సెల్‌లో మాత్రం తెలుగు చక్కగా కనబడుతుంది. కాబట్టి "సందేశాలు" అనే షీటులో తెలుగు వాక్యాలు రాసి పెట్టాను. ఎర్రర్ వచ్చినప్పుడు మాక్రో అక్కడి నుంచి సరైన వాక్యాన్ని తీసి, తప్పిన వరుస పక్కనే ఉన్న గడిలో వేసి, ఆ వరుసకు ఎరుపు రంగు పూస్తుంది. "ఈ వంగడం పేరు రేట్ల షీటులో లేదు", "బరువు కిలోల్లో రాయండి". నంబరు, వివరణ, తేదీ, సమయం వేరే షీటులో నాకోసం నమోదవుతాయి. మొత్తం సొమ్ము వేసే గడి మాత్రం ఖాళీగానే ఉంటుంది. అనుమానం ఉన్న అంకె బిల్లు మీద అచ్చవ్వకూడదు.

వీబీఏ దాటి పోయినా ఇదే ప్రశ్న వేరే వేషంలో ఎదురవుతుంది. పైథాన్ భాషలో ఎర్రర్‌ను పట్టడానికి "ట్రై", "ఎక్సెప్ట్" ఉన్నాయి, సర్దుబాటు పనికి "ఫైనల్లీ" ఉంది, చాలా శుభ్రమైన పద్ధతి. అయినా ఎక్సెప్ట్ పక్కన ఏ ఎర్రరో చెప్పకుండా కింద "పాస్" (ఏమీ చేయకు) అని రాస్తే నేను రాసిన తప్పే మళ్లీ రాసినట్టు. లినక్స్ బాష్ స్క్రిప్ట్ అయితే ఒక కమాండ్ విఫలమైనా తనంతట తానే తర్వాతి దానికి పోతుంది. ఫోల్డర్ మారే కమాండ్ విఫలమై, దాని కింద ఫైళ్లన్నీ తుడిచే కమాండ్ ఉంటే, ఉన్నచోటి ఫైళ్లు పోతాయి. "సెట్ మైనస్ ఈ" మొదట్లో పెడితే చాలావరకు ఆగుతుంది. విండోస్‌లోని పవర్‌షెల్ స్క్రిప్ట్‌లో ట్రై, క్యాచ్ రాసినా కొన్ని ఎర్రర్లు పట్టుబడకుండా ముందుకు పోతాయి, "ఎర్రర్ యాక్షన్ స్టాప్" అని చెబితేనే క్యాచ్‌లోకి వస్తాయి.

పెద్దాయనకు తక్కువ పడిన డబ్బు మర్నాడే ఇచ్చారు. తర్వాత ఎడగారుకు, అంటే మా రెండో పంటకు, గుమాస్తా మళ్లీ ఫోన్ చేశాడు.

"అబ్బయ్యా, పదహారో వరుస ఎర్రగా వచ్చింది. వంగడం పేరు రేట్ల షీటులో లేదంటా ఉంది."

"నిజంగానే లేదా అన్నా?"

"లేదు. కొత్త రకం, ఈ ఏడే వేసినారు. రేటు ఎంతో సేట్‌ను అడిగి ఎక్కిస్తా."

అరగంట తర్వాత ఆయనే రేటు ఎక్కించి బటన్ నొక్కాడు. పదహారో వరుస ఒక్కటే లెక్కయింది, మిగతావి కదలలేదు.